ఎడారికి స్వెటర్లెందుకు?

అరిజోనా ఎడారి యాత్రకి ఏమేం సర్దుకోవాలని డాలస్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. డిసెంబరు సెలవుల్లో ఫీనిక్స్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, నాలుగు రోజుల్లో సెడోనా, ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ కాన్యన్ చూసి రావాలని వాళ్ల ప్లాను. ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. మామయ్యగారేమో "ఎడారికి స్వెటర్లెందుకమ్మా, మోత చేటు" అంటున్నారట.

స్వెటరే కాదు, మంకీ క్యాప్ కూడా సర్దుకోమనండి. హోటళ్లు, టికెట్ల సంగతి ఫోన్‌లోనే దొరుకుతుంది కాబట్టి నేను చెప్పను. మ్యాపులో మైళ్లు చూసినట్టే ఎత్తులు కూడా చూడండి. ఫీనిక్స్ సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కడికి 230 కిలోమీటర్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల పైన ఉంది. పొడి గాలి పైకి లేస్తే కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. మధ్యాహ్నం టీషర్టుతో బయల్దేరినవాళ్లు సాయంత్రానికి మంచులో కాలు పెట్టేది అందుకే. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుదీ ఇంచుమించు అదే ఎత్తు. అది ఏడాదంతా తెరిచే ఉంటుంది. ఉత్తర అంచు ఇంకా ఎత్తు, శీతాకాలంలో అక్కడికి వెళ్లే రోడ్డు మూసేస్తారు.

ఎత్తు కథ ఇంతే. నాకు అసలు ఇష్టమైన కథ రాత్రిది.

ఒకసారి మేమూ ఇలాగే రెండు కార్లలో వెళ్లాం. కాన్యన్‌కి దగ్గర్లో ఒక మోటెల్‌లో దిగాం. మా కారు ఆరుబయట పెట్టాం, బావగారు వాళ్లది రేకుల షెడ్డు కింద పెట్టారు. పొద్దున్న ఆరున్నరకి బయటికొస్తే మా కారు అద్దం నిండా తెల్లగా మంచు గడ్డ, గోరుతో గీస్తే సన్నని ఈకల్లా లేచి వస్తోంది. పది అడుగుల అవతల బావగారి కారు అద్దం మీద చెమ్మ కూడా లేదు. "మీది పాత కారు కదా" అన్నారాయన నవ్వుతూ. అంతలోనే కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చి అద్దం మీద పోయబోతే ఆపాను. చల్లటి గాజు మీద వేన్నీళ్లు పోస్తే పగిలి ఊరుకుంటుంది. నన్ను తికమక పెట్టిన సంగతి వేరే ఉంది. ఫోన్‌లో చూస్తే బయట గాలి సున్నాకి 2 డిగ్రీలు పైనే ఉంది. మరి అద్దం మీద నీరు ఎలా గడ్డకట్టింది?

"మంచు కురిసింది" అనేస్తాం మనం. ఆ మాటలోనే పొరపాటుంది. ఇలాంటి మంచు పైనుంచి పడదు. చల్లబడిన అద్దం పక్కనున్న గాలిలోని తేమని తనమీదికి లాక్కుంటుంది. అయితే అద్దం గాలికన్నా చల్లగా ఎందుకైంది?

ప్రతి వస్తువూ కంటికి కనిపించని వేడి కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న గాజు చదరపు మీటరుకి సుమారు 300 వాట్లు పోగొట్టుకుంటుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువగా 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎదురుగా రేకు ఉంటే అదీ దాదాపు అంతే తిరిగిస్తుంది, ఇచ్చిపుచ్చుకోవడం సరిపోతుంది. ఎదురుగా ఆకాశమే ఉంటే? గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఆ వేడిని కొంత పట్టుకుని కొంత వెనక్కి పంపుతాయి. అదే మన దుప్పటి. కానీ ఆ దుప్పటికి సరిగ్గా 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య ఒక పెద్ద చిరుగుంది. గాజు ఎక్కువగా పోగొట్టుకునేది కూడా అక్కడే! తేమ ఎక్కువుంటే ఆ చిరుగుకి కొంత మాసిక పడుతుంది. మబ్బు పడితే దుప్పటి మీద బొంత కప్పినట్టే. ఎడారిలో మాసికా లేదు, బొంతా లేదు. ఆకాశం 200 పై చిలుకు వాట్లే తిరిగిస్తుంది, మిగతాది అంతరిక్షం పాలు. నేలకైతే అడుగునుంచి కాస్త వేడి అందుతుంది, పలచటి గాజుకి ఆ ఆసరా కూడా లేదు. కాస్త గాలి వీస్తే అది అద్దానికి వేడి అందించి కాపాడేది. ఆ రాత్రి ఆకు కదల్లేదు.

ఎడారి రాత్రులు ఎందుకు చల్లనంటే "ఇసుక త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది" అని స్కూల్లో చెప్పారు నాకు. ఈ జవాబు మీద నాకు చిరాకు. విశాఖ బీచ్‌లో ఉన్నదీ ఇసుకే కదా, అక్కడ రాత్రికి గడ్డకట్టదేం? సముద్రం దగ్గరుండటం ఒక కారణం, పైన తడి దుప్పటి ఉండటం ఇంకో కారణం. అదే లంబసింగికి పోతే, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరులో తేటైన ఆకాశం. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట పడుకుంటే పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతారని.

ఈ చిరుగుతో మనవాళ్లు వ్యాపారం కూడా చేశారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో, అలహాబాద్‌లో గాలి సున్నాకి దిగకపోయినా ఐసు తయారుచేసేవారు. లోతు తక్కువ గుంటల్లో ఎండిన చొప్ప పరిచి, దానిమీద పలచని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఆరుబయట వదిలేసేవారు. చొప్ప నేల వేడిని అడ్డుకునేది, ఆకాశం నీళ్ల వేడిని లాగేసేది. తెల్లవారకముందే ఐసు పోగేసేవారు. రాబర్ట్ బార్కర్ అనే ఆయన 1775లో దీని గురించి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. మా కారు అద్దం అలాంటి మూకుడే అన్నమాట.

రాత్రిపూట చెట్టు కింద పడుకోవద్దని మా అమ్మమ్మ దయ్యాల పేరు చెప్పేది, మా సైన్సు మాస్టారు కార్బన్ డయాక్సైడ్ పేరు చెప్పేవారు. చలికాలం మాత్రం చెట్టు కిందే కాస్త నయం, ఆకులు రేకు చేసిన పనే చేస్తాయి. మంచు నెత్తిన పడుతుంది, బయటికెళితే తలకి గుడ్డ చుట్టుకోమని అమ్మమ్మే అనేది. ఆ సలహా సరైనదే, కారణమే తప్పు.

ఇక ప్లానుకి వద్దాం. డిసెంబరు చివర కాన్యన్ దగ్గర పగలు పది గంటలు కూడా ఉండదు. సాయంత్రం ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. అంటే 14 గంటలు చిరుగు దుప్పటి కిందే. చూసేవన్నీ మధ్యాహ్నానికి ముగించుకోండి, చీకటి పడ్డాక కొండ రోడ్ల మీద డ్రైవింగ్ పెట్టుకోకండి. కరిగిన మంచు రాత్రికి రోడ్డు మీద అద్దంలా గడ్డకడుతుంది, కంటికి ఆనదు. కారు ఆరుబయట పెట్టాల్సివస్తే అద్దం మీద పాత దుప్పటో అట్టముక్కో వేసి వైపర్ల కింద నొక్కండి.

హోటల్లో రైస్ కుక్కర్ పెట్టేవాళ్లకి ఇంకో మాట. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. అన్నం ఎలాగో అవుతుంది గానీ కందిపప్పు ఉడికేసరికి పిల్లలు చిప్స్ తిని పడుకుంటారు. పెసరపప్పు పట్టుకెళ్లండి, లేదా మొదటి రోజుకి పులిహోర కలుపుకుపోండి.

తిరిగి ఫీనిక్స్‌కి దిగేటప్పుడు దేవదారు జాతి చెట్లు పోయి, సుమారు 1,200 మీటర్ల కిందికి వచ్చాక సాగ్వారోలు మొదలవుతాయి, చేతులెత్తి నిలబడ్డట్టుండే పెద్ద కాక్టస్‌లు. గడ్డకట్టే చలి ఒక రోజంతా విడవకుండా పడితే చచ్చిపోతాయి, అందుకే అంతకంటే పైకి ఎక్కవు. ఎక్కడైనా ఆగి చిన్న సాగ్వారో కోసం వెతకండి. తేలిగ్గా దొరకదు, మొదటి ఎనిమిదేళ్లలో అది పెరిగేది అంగుళం, అంగుళంన్నర. పాలోవెర్డే లాంటి చెట్టు కొమ్మల కింద, వేళ్ల దగ్గర, గుండీ అంత ఉంటుంది. ఆరుబయట మొలిచినవాటిలో చాలావరకు ఆ వయసుకి రావు. పగలు ఎండకి ఆ కొమ్మలే గొడుగు, రాత్రి ఆకాశానికి అవే బావగారి రేకుల షెడ్డు.