సినడ్‌లో చేతులెత్తగానే శాసనం కాదు: అపోహలు – వాస్తవాలు

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అత్యున్నత సభ అయిన సినడ్‌కు డెలిగేట్‌గా, అంటే ప్రతినిధిగా, వెళ్లి వచ్చిన ప్రతిసారీ, విజయవాడ స్టేషన్లో రైలు దిగకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. క్రిందటిసారి మా సంఘంలోని ఒక పెద్దావిడ ఉదయాన్నే ఇంటికి వచ్చి, సంఘ రాజ్యాంగ సవరణ అప్పుడే అమల్లోకి వచ్చేసిందంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం చూపించి, "మాస్టారూ, మీరంతా ఔనని చేతులెత్తి వచ్చేశారటగా, ఇక మన చేతుల్లో ఏముంది?" అన్నారు. కంగారులో కళ్లజోడు కూడా మరిచి వచ్చారు, పాపం.

అపోహ: సినడ్‌లో నెగ్గిన సంఘ రాజ్యాంగ సవరణ మర్నాటి నుంచే అమలవుతుంది.

వాస్తవం: సినడ్‌లో మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చిన తరువాత ఆ సవరణ డయాసిసన్ కౌన్సిళ్లకు, అంటే ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతం (డయాసిస్) సభలకు, వస్తుంది, వాటిలోనూ మూడింట రెండు వంతుల కౌన్సిళ్లు ఆమోదిస్తేనే అది నిలుస్తుంది. డయాసిస్‌లు 24 కనుక 16 కౌన్సిళ్లు ఔననాలి, తొమ్మిది కాదంటే సవరణ ఆగిపోతుంది. కృష్ణా-గోదావరి, దోర్నకల్, మెదక్, కరీంనగర్, నంద్యాల, రాయలసీమ అనే మన తెలుగు డయాసిస్‌లు ఆరూ కాదని ఒక్కమాట మీద నిలిచినా, సవరణను ఆపడానికి ఇంకో మూడు తోడు కావాలి. అలాంటప్పుడు మనలో ఒక్క కౌన్సిల్ చదవకుండా తలూపినా ఎంత నష్టమో లెక్క వేసుకోండి.

"అంతా పైనే అయిపోయింది" అనే పుకారు చేసే అసలు చేటు ఇక్కడే ఉంది. ఒక కౌన్సిల్ సమావేశంలో భోజనాల తరువాత సవరణ చర్చకు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, సవరణ ప్రతులేమో కుర్చీల మీదే మిగిలాయి. నెల రోజులుగా ఫోనులో నన్ను నిలదీసిన ఒక పెద్దమనిషి అప్పటికే బస్సెక్కేశారని తెలిసి నాకు ఒళ్లు మండింది.

మిగిలినవి త్వరగా చెబుతాను. సినడ్ డెలిగేట్లు ఓటు వేసి మన బిషప్‌ను ఎన్నుకుంటారన్నది నిజం కాదు. బిషప్ పదవికి అభ్యర్థుల జాబితాను, అంటే ప్యానెల్‌ను, డయాసిసన్ కౌన్సిల్ ఎన్నుకుంటుంది, సినడ్ ఎన్నుకునేది సంఘానికంతటికీ పెద్ద అయిన మోడరేటర్ తదితర పదాధికారులను. గుంటూరు నుంచి లూథరన్ బంధువులు కూడా భయపడుతూ ఫోన్ చేస్తారు గాని, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వారు ఏకమైనప్పుడు ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం అందులో చేరలేదు, కనుక మా తీర్మానాలు వారికి వర్తించవు.

ఇదంతా విని ఆ పెద్దావిడ కాసేపు ఆలోచించారు. మా పాస్టరేట్ (ఒక పాస్టరు కింద ఉండే స్థానిక సంఘం) తరఫున కౌన్సిల్‌కు వెళ్లేది ఆవిడ తమ్ముడే. మా వరండాలోనే నిలబడి, నా చేత నంబరు నొక్కించి, "ఒరేయ్, ఈసారి ఓటు వేశాకే బస్సెక్కాలి, అర్థమైందా?" అన్నారు.