పచ్చి గింజలోంచి కెఫీన్ ఎలా తీస్తారు

వరంగల్ చాయ్ ఊరు. హన్మకొండ చౌరస్తాలో కాఫీ అడిగితే ఎక్కువగా వచ్చేది పాలల్లో కలిపిన ఇన్‌స్టంట్ పొడే. అయినా డాక్టరు కెఫీన్ తగ్గించమన్నాక డికాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, సీసా వెతుక్కునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. దాన్ని చేతిలోకి తీసుకోగానే వచ్చే మొదటి అనుమానం: ఇందులో ఏ మందు కలిపి కెఫీన్ తీశారో!

అడగాల్సిందే. కాకపోతే ఫ్యాక్టరీని అంతకంటే ఎక్కువ సతాయించే సంగతి ఇంకొకటుంది. మన చపాట మిర్చినే తీసుకోండి. దాని ఎర్రరంగు కోసం కాయను దంచి పొడి చేసి, ద్రావకంలో నానబెట్టి సారం లాగుతారు. పిప్పి ఏమైపోయినా ఎవరికీ పట్టదు. కాఫీలో లెక్క తిరగబడుతుంది. అమ్ముకోవాల్సింది పిప్పినే! పైగా దాన్ని పొడి చేయడానికి వీల్లేదు, ఆ తర్వాత వేయించాలి కాబట్టి గింజ గింజగానే ఉండాలి. గట్టి గింజ లోపలి నుంచి కెఫీన్ మెల్లగా ఊరి బయటికి రావాలి, చక్కెరలు, ఆమ్లాలు మాత్రం లోపలే ఉండిపోవాలి. గంటల తరబడి పట్టేది అందుకే.

ఈ పనంతా వేయించకముందే, పచ్చి గింజ మీదే చేస్తారు. కాఫీ వాసన పుట్టేది వేపుడులో. వేయించాక కడిగితే కెఫీన్‌తో పాటు ఆ వాసనా కొట్టుకుపోతుంది. కాఫీలో ముఖ్యమైన రెండు రకాల్లో, అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో దానికి దాదాపు రెట్టింపు. అంటే టన్ను రోబస్టాలోంచి 20 కిలోలకు పైగా తెల్లటి పొడి బయటికొస్తుంది. అదీ వృథా పోదు, కూల్‌డ్రింకులకూ మందులకూ అమ్ముడుపోతుంది.

పద్ధతి ఏదైనా మొదటి అడుగు నీళ్లే. పచ్చి గింజలో తేమ 10–12 శాతం. అలాంటి ఎండు గింజను ద్రావకంలో ఎంతసేపు ముంచినా కెఫీన్ సరిగ్గా కదలదు, ఎందుకంటే అది క్లోరోజెనిక్ ఆమ్లంతో జతకట్టి ఉంటుంది. ఆవిరి పట్టి గింజను ఉబ్బిస్తేనే ఆ జత విడుతుంది. ఆవిరి తక్కువైతే గింజ నడిమి భాగంలో కెఫీన్ మిగిలిపోయి ఆ విడత సరుకు (లాట్) పరీక్షలో తప్పుతుంది. మోతాదు మించితే చక్కెరలు కారి, కప్పులో చప్పటి కాఫీ మిగులుతుంది.

జర్మనీలో లుడ్విగ్ రోజేలియస్ 1906లో కంపెనీ పెట్టినప్పుడు వాడిన ద్రావకం బెంజీన్. అది క్యాన్సర్ కారకమని తేలాక వదిలేశారు. దాని స్థానంలోకి వచ్చినవాటిలో మిథిలీన్ క్లోరైడ్ ముఖ్యమైనది. దానికి కెఫీన్ మీదే మొగ్గు ఎక్కువ, రుచినిచ్చే పదార్థాలను పెద్దగా ముట్టదు. సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. గింజలకు మళ్లీ ఆవిరి పట్టి, ఆరబెట్టి, 200 డిగ్రీలు దాటే వేడిలో వేయించాక మిగిలేది బహుస్వల్పం. వేయించిన డికాఫ్‌లో అమెరికా ఒప్పుకునే పరిమితి 10 లక్షల వంతుల్లో 10, యూరప్‌లో 2. దీని అసలు ప్రమాదం ఆవిరిని పీల్చే ఫ్యాక్టరీ కార్మికులకే ఎక్కువ.

ఇథైల్ ఎసిటేట్ అనే ఇంకో ద్రావకంతో చేసినదాన్ని ‘సహజం’ అని అమ్ముతారు. పండ్లలో ఉంటుంది నిజమే. చెరకు ఆల్కహాల్ నుంచి తయారైనదీ వాడతారు, కొలంబియా డికాఫ్‌కు అదే పేరు తెచ్చింది. అలాగని పండ్లు పిండి తీస్తారనుకోవద్దు, పరిశ్రమలో ఆల్కహాల్‌నూ ఎసిటిక్ ఆమ్లాన్నీ కలిపి చేసేదే ఎక్కువ. ‘సహజం’ అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఫ్యాక్టరీకి దీంతో తలనొప్పి వేరే: చప్పున అంటుకుంటుంది.

నీళ్ల పద్ధతిలో చిక్కేమిటంటే, నీళ్లు కెఫీన్ ఒక్కదాన్నే ఏరుకోలేవు, కరిగేవన్నీ కరిగించుకుంటాయి. దీనికి కనిపెట్టిన ఉపాయం చక్కగా ఉంటుంది. ముందు ఒక విడత గింజలను వేడినీళ్లలో నానబెట్టి, సారమంతా దిగాక ఆ గింజలను పారేస్తారు. ఆ నీళ్లను యాక్టివేటెడ్ కార్బన్ (వడపోతకు వాడే ఒక రకం బొగ్గు) గుండా పంపి కెఫీన్ ఒక్కటే తీసేస్తారు. అందులో చక్కెరలూ ఆమ్లాలూ అప్పటికే నిండుగా ఉన్నాయి కాబట్టి, కొత్త గింజలు వేస్తే వాటిలోంచి కదిలేది దాదాపు కెఫీనే.

కార్బన్ డై ఆక్సైడ్ పద్ధతిని 1960లలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్త కుర్ట్ జోసెల్ కనుక్కున్నాడు. 31 డిగ్రీల వేడి, సుమారు 74 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఒత్తిడి దాటితే ఆ వాయువు అటు వాయువూ కాదు, ఇటు ద్రవమూ కాదు. వాయువులా గింజలోకి చొరబడుతుంది, ద్రవంలా కెఫీన్‌ను కరిగించుకుంటుంది. ఫ్యాక్టరీలో ఒత్తిడి 250 బార్ దాకా, అంతకు మించి కూడా వెళ్తుంది. అంత తట్టుకునే మందపాటి ఉక్కు పాత్రలకే కోట్లు కావాలి. అందుకే ఇది పెద్ద లాట్లు నడిపేవాళ్లకే గిట్టుబాటు. రుచి విషయంలో నా ఓటు దీనికీ, నీళ్ల పద్ధతికీ.

ఇక వేయించేవాళ్ల కష్టం. డికాఫ్ గింజ పచ్చిగా ఉన్నప్పుడే గోధుమ రంగులో ఉంటుంది, రంగు చూసి వేపుడు ఆపడం అలవాటైనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వేగేటప్పుడు గింజ చేసే చిటపటలు కూడా సన్నగానే వినిపిస్తాయి. తూకం తగ్గుదలనూ ఉష్ణోగ్రతనూ నమ్ముకోవడమే మేలు.

ఇన్‌స్టంట్ డికాఫ్ అయితే కథ ఇంకా ఉంది. వేయించి బరకగా పట్టిన పొడిని వరుసగా నిలబెట్టిన ఉక్కు గొట్టాల్లో నింపి, ఒత్తిడితో 170–180 డిగ్రీల నీళ్లు తోస్తారు. ఆ వేడికి మామూలుగా కరగని పీచు పదార్థాలు కూడా విరిగి కరుగుతాయి. కిలో ఇన్‌స్టంట్ పొడికి సుమారు 2.6 కిలోల పచ్చి గింజలు అవసరమని అంతర్జాతీయ కాఫీ సంస్థ లెక్క. ఆ చిక్కటి సారాన్ని వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడితే సన్నపొడి, మైనస్ 40 డిగ్రీల్లో గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడితే పలుకులు. ఇందులో తేమ 4–5 శాతం లోపే. మరిగే పాల మీద పెట్టిన చెంచాను సీసాలో ముంచితే పొడి ఆవిరి పీల్చుకుని ముందు జిగటగా మారి, తర్వాత రాయిలా గట్టిపడుతుంది.

కొనేముందు సీసా వెనక చూడండి. చికోరీ కలిపినది డికాఫ్ కాదు. చికోరీలో కెఫీన్ లేదు కాబట్టి అది ఎంత కలిస్తే కెఫీన్ అంత తగ్గుతుంది, అంతే. అసలు డికాఫ్‌లోనూ కెఫీన్ సున్నా కాదు, యూరప్ నియమం ప్రకారం ఇన్‌స్టంట్‌లో 0.3 శాతం వరకు ఉండొచ్చు. నిద్ర పట్టనివాళ్లకు ఈ కొంచెం పెద్ద లెక్కలోది కాదు. కడుపులో మంటని డికాఫ్‌కు మారేవాళ్లు మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు: కాఫీలోని ఆమ్లాలు చాలావరకు అలాగే ఉంటాయి.