వేపింగ్ బ్యాటరీలు: అపోహలు - వాస్తవాలు

లిథియం సెల్స్‌ని పరీక్షించడం నా రోజువారీ పని. వేపింగ్ పరికరాల్లో (ఈ-సిగరెట్లలో) వేసే 18650 అనే గుండ్రటి రీఛార్జబుల్ సెల్ గురించి అడిగేవాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని ఎంఏహెచ్?" అడగాల్సింది మాత్రం అది కాదు.

అపోహ: ఎంఏహెచ్ ఎక్కువుంటే మంచి బ్యాటరీ.

వాస్తవం: ఛార్జ్ ఎంతసేపు ఆగుతుందో చెప్పడానికే ఎంఏహెచ్. మీ భద్రతను తేల్చేది ఆంపియర్లు, అంటే సెల్ ఎంత కరెంటు ఇవ్వగలదన్నది. లెక్క వేసి చూడండి. ద్రవాన్ని వేడిచేసే కాయిల్ 0.2 ఓమ్, నిండా ఛార్జ్ అయిన సెల్‌లో 4.2 వోల్టులు. భాగిస్తే 21 ఆంపియర్లు. ఆగకుండా 10 ఆంపియర్లే ఇవ్వగల సెల్ మీద అది రెట్టింపు భారం. కరెంటును అదుపు చేసే చిప్ లేని పరికరంలో (మెకానికల్ మాడ్‌లో) దాన్ని ఆపేది ఏదీ ఉండదు. చిప్ ఉన్నా టెన్షన్ పూర్తిగా తీరదు: ఒకే సెల్‌తో 60 వాట్లు పెడితే, వోల్టేజ్ 3.2కి దిగేసరికి దాదాపు 19 ఆంపియర్లు లాగుతుంది. అందుకే తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో కంటిన్యువస్ రేటింగ్ (ఆగకుండా ఇవ్వగల కరెంటు) చూడండి, లేబుల్ మీద పెద్దక్షరాల్లో వేసే పల్స్ రేటింగ్ (కొద్ది క్షణాలే ఇవ్వగలది) కాదు.

ఇంకో మాట. 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవున్న ఈ సెల్‌లో పట్టేది 3,500 ఎంఏహెచ్, కాస్త అటూ ఇటూ. 9,900 అని ఉంటే అది పచ్చి అబద్ధం. అసలు సెల్ సుమారు 45 గ్రాములు తూగుతుంది. చేతికి మరీ తేలిగ్గా తగిలితే పక్కన పెట్టేయండి.

అపోహ: పై తొడుగు కొంచెం చిరిగితే ఏం కాదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. సెల్ ఒళ్లంతా నెగటివే, పాజిటివ్ పైనున్న మూత ఒక్కటే. రెంటికీ మధ్య అడ్డు సన్నని రింగు. ఆ మూత అంచు దగ్గర తొడుగుకి గోరంత చిరుగు పడినా, పరికరం లోపలి లోహం రెంటినీ కలిపేయగలదు. ఈమధ్య నా దగ్గరికొచ్చిన ఒక సెల్‌లో ఆ చిరుగు చుట్టూ నల్లగా కమిలి ఉంది. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేసుకున్నా ఇదే ప్రమాదం. ప్లాస్టిక్ కేసు తప్పనిసరి.

అపోహ: పేరున్న కంపెనీ లేబుల్ ఉంటే చాలు.

వాస్తవం: తొడుగులు విడిగా దొరుకుతాయి, పాత సెల్‌కి కొత్తది ఎవరైనా తొడగొచ్చు. పైగా శామ్‌సంగ్, ఎల్‌జీ లాంటి తయారీదారులే తమ విడి సెల్స్ వేపింగ్ కోసం కాదని హెచ్చరించారు. వాటిని రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాకుల కోసం తయారు చేస్తారు. అది తెలిసీ వాడేవాళ్లు నమ్మకమైన చోటే కొనాలి.

రెండు సెల్స్ వేసే పరికరమైతే రెండూ ఒకే మోడల్, ఒకే వయసువి కావాలి. సొట్ట పడిన సెల్‌ని మాత్రం ఛార్జ్ చేయొద్దు. రెండు చివరలా టేపు వేసి బ్యాటరీ రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.