పాత పల్లె చర్చి వయసు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో, ఎసెక్స్ కౌంటీలో గ్రీన్‌స్టెడ్ అనే పల్లె ఉంది. నిలువునా చీల్చి నిలబెట్టిన ఓక్ దుంగలే అక్కడి సెయింట్ ఆండ్రూ చర్చికి గోడలు. పాత చర్చిల గురించి జనం నమ్మే తప్పుడు లెక్కలు చాలావరకు ఈ ఒక్కచోటే కనిపిస్తాయి.

అపోహ: దుంగల్లో వలయాలు లెక్కపెడితే కట్టిన ఏడు తెలిసిపోతుంది.

వాస్తవం: బెరడు దాకా చెక్క మిగిలి ఉంటేనే చెట్టు కొట్టిన ఏడు కచ్చితంగా తెలుస్తుంది. బెరడు కింద ఉండే తెల్ల చెక్కకు చేవ ఉండదు. దాన్ని పురుగు తినేస్తుంది, లేదంటే వడ్రంగే చెక్కి పారేస్తాడు. ఇంగ్లండ్ ఓక్‌లో ఈ తెల్ల చెక్క వలయాలు మామూలుగా 9 నుంచి 41 దాకా ఉంటాయి. చేవ (లోపలి గట్టి చెక్క) అంచు మిగిలి ఉంటే, ఆ అంచు వలయం ఏడుకు 9 ఒకసారి, 41 ఒకసారి కలిపి ఆ రెండింటి మధ్య కొట్టారని ఒక వ్యవధి చెప్పొచ్చు. అంచు కూడా పోతే 'ఫలానా ఏడాది తర్వాతే కొట్టారు' అనడం వరకే. ఇక్కడి దుంగలు 845 నాటివని మొదట లెక్కగట్టారు. 1995లో మళ్లీ పరీక్షిస్తే 11వ శతాబ్దానివని తేలింది. రెండు వందల ఏళ్ల తేడా! అందుకే ఏ తేదీ చూసినా, నమూనాలో తెల్ల చెక్క ఉందా అన్నదే ముందు అడగాలి.

అపోహ: కట్టడం మొత్తం వెయ్యేళ్లది.

వాస్తవం: అంత పాతవి జనం కూర్చునే హాలు గోడల దుంగలే. బలిపీఠం వైపు భాగం ట్యూడర్ వంశపు రాజుల కాలం (1485-1603) నాటి ఇటుక కట్టడం. కలప మట్టిని తాకేచోట తేమ, గాలి రెండూ అందుతాయి కాబట్టి కుళ్లు అక్కడే మొదలవుతుంది. 1848 మరమ్మతుల్లో దుంగలను ఇటుక పీఠం మీదికి ఎక్కించారు. ఆ పీఠాన్ని చూసి గోడ వయసు చెప్పకూడదు.

అపోహ: గోడలోని చిన్న కంత కుష్ఠురోగులు బయటినుంచి ఆరాధన చూడడానికి పెట్టింది.

వాస్తవం: కుష్ఠురోగుల ఆసుపత్రులకు సొంత ప్రార్థనాలయాలే ఉండేవి. కంతలోంచి బలిపీఠం కనబడుతుందో లేదో చూస్తే చాలు, చాలా ఊళ్లలో ఈ కథ అక్కడే ఆగిపోతుంది.

అపోహ: రిజిస్టర్ 1558లో మొదలైతే చర్చి కూడా అప్పటిదే.

వాస్తవం: ఇంగ్లండ్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాయమని ఆజ్ఞ వచ్చింది 1538లో. 1598లో పాత కాగితాలను తోలు పుటల మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి అన్నారు. చాలామంది అంతకుముందువి వదిలేశారు. ఇంకో చిక్కుంది: 1751 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్‌లో 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1641. ఎత్తి రాసుకునేటప్పుడు 1640/41 అని రెండూ వేయండి, లేకపోతే బిడ్డ బాప్తిస్మం తల్లిదండ్రుల పెళ్లికంటే ముందు పడుతుంది.