గర్భం ఉందని తొమ్మిది నెలలూ తెలియకుండా ఉంటుందా?

కడుపునొప్పి అంటూ అర్ధరాత్రి వచ్చిన ఆమెకు, "ఇవి పురిటి నొప్పులమ్మా" అని చెప్పాల్సిన పరిస్థితి ప్రసూతి వైద్యులకు అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఆ మాట విన్నప్పుడు ఆమె ముఖం చూస్తే అది నటన అని ఎవరూ అనలేరు. అయినా చుట్టూ ఉన్నవాళ్లు ముందు అడిగేది "నీకు తెలియకపోవడం ఏంటి?" అనే.

అపోహ: ఇలాంటివి ఎక్కడో కోటికి ఒకటి.

వాస్తవం: బెర్లిన్‌లో జరిగిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ప్రతి 475 కాన్పుల్లో ఒకరికి 20 వారాలు దాటేవరకు, సుమారు 2,500లో ఒకరికి నొప్పులు మొదలయ్యేవరకు గర్భం సంగతి తెలియలేదు. వీళ్లంతా తెలిసీ తెలియని వయసు పిల్లలు కాదు. అప్పటికే తల్లులైనవాళ్లూ ఉన్నారు.

అపోహ: నెలసరి ఆగితే తెలిసిపోతుంది కదా!

వాస్తవం: గర్భంలో నెలసరి రాదు, నిజమే. కానీ కొందరికి మధ్యమధ్యలో రక్తస్రావం అవుతుంది. దాన్నే పీరియడ్స్ అనుకుంటారు. పీసీఓఎస్ (నెలసరి క్రమం తప్పించే హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు నెలలు తప్పడం అలవాటే. నలభై దాటినవాళ్లు మెనోపాజ్ అనుకుంటారు. పాలిచ్చే తల్లికైతే కాన్పు తర్వాత ఒక్కసారి కూడా నెలసరి రాకముందే మళ్లీ గర్భం రావచ్చు.

పొట్ట సంగతీ అంతే. ఒళ్లు, ఎత్తు, పొట్ట కండరాల బిగువును బట్టి కొందరికి పెద్దగా కనిపించదు. గర్భసంచిలో మాయ ముందువైపు ఉంటే బిడ్డ కదలికలు మందంగా తెలుస్తాయి. గ్యాస్ అనుకుంటారు. వేవిళ్లు అందరికీ ఉండవు.

అపోహ: డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటే బయటపడేది.

వాస్తవం: ఇక్కడ మా డాక్టర్ల తప్పూ ఉంది. నీరసం, వాంతులు, బరువు అని వచ్చినవాళ్లకు గ్యాస్ మాత్రలు రాసి పంపేస్తుంటాం. గర్భం వచ్చే వయసు స్త్రీకి ముందు ఒక టెస్ట్ చేయాలి. మరీ తొందరగా చేస్తే మూత్ర పరీక్ష నెగటివ్ రావచ్చు. అరుదుగా, గర్భం వల్ల వచ్చే హార్మోన్ విపరీతంగా ఉన్నప్పుడు కూడా అలాగే వస్తుంది. అనుమానం ఉంటే రక్తపరీక్ష, స్కాన్ చేయించాలి.

అపోహ: అబద్ధమైనా చెబుతోంది, లేదా మతి చెడింది.

వాస్తవం: తెలిసి దాచడం వేరు, తెలియకపోవడం వేరు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లు వీరిలో కొద్దిమందే. భయం, ఒంటరితనం, హింస లాంటివి ఉన్నచోట మనసు కొన్నిసార్లు ఒంటి సూచనలను లోపలికి రానివ్వదు. ఒకసారి స్ఫురించి, మళ్లీ చెరిగిపోవడమూ ఉంటుంది. అది ఆమె కావాలని చేసే పని కాదు.

నాకు బాధ కలిగించేది ప్రమాదం. బీపీ చూడకుండా, రక్తహీనతకు మందు లేకుండా నెలలు గడిచిపోతాయి. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి ఎవరూ లేనిచోట కాన్పు అయిపోతుంది.

అందుకే అలా వచ్చిన ఆమెను నేను కారణాలు అడగను. ముందు తల్లీబిడ్డల పరిస్థితి చూస్తాను. తర్వాత ఇంట్లోవాళ్లను బయటికి పంపి, "ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా?" అని ఒంటరిగా అడుగుతాను. డిశ్చార్జ్ అయ్యాక కొన్ని వారాలపాటు డిప్రెషన్ వస్తుందేమో కనిపెట్టి ఉండాలి. ఇది మళ్లీ జరిగే అవకాశం ఉంది కాబట్టి గర్భనిరోధం గురించి కూడా అప్పుడే మాట్లాడతాను.