లాటినో కళ: మలుపు 1972లో కాదు, 1994లో

అమెరికా మ్యూజియాల్లో లాటినో కళ, అంటే అక్కడి లాటిన్ అమెరికా మూలాల వాళ్ల కళ గొడవ మళ్లీ రాజుకుంది. 2020 డిసెంబరులో చట్టమైన జాతీయ లాటినో మ్యూజియానికి 2026 బడ్జెట్ ప్రతిపాదనలో వైట్‌హౌస్ నిధులే చూపలేదు. 2025 ఆగస్టులో స్మిత్సోనియన్ (అమెరికా జాతీయ మ్యూజియాల సంస్థ) మీద వైట్‌హౌస్ విడుదల చేసిన అభ్యంతరాల జాబితాలో రిగోబెర్టో గొన్సాలెస్ వేసిన చిత్రం కూడా ఉంది. దక్షిణ టెక్సాస్‌లో సరిహద్దు గోడ దాటుతున్న శరణార్థుల బొమ్మ అది. మ్యూజియాలు జనాన్ని చీల్చే సిద్ధాంతాలు నూరిపోస్తున్నాయన్నది వైట్‌హౌస్ వాదన.

1972లో చికానో, అంటే మెక్సికన్ మూలాల అమెరికన్ కళాకారుల ఆస్కో బృందం లాస్ ఏంజిలిస్ కౌంటీ ఆర్ట్ మ్యూజియం గోడ మీద నిరసనగా స్ప్రే పెయింటుతో తమ పేర్లు రాసిన ఘట్టం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. కథను అక్కడ మొదలుపెడితే ఇది నిరసనల వ్యవహారంగానే కనిపిస్తుంది. అసలు మలుపు 1994లో వచ్చింది. స్మిత్సోనియన్ తానే వేసుకున్న కార్యదళం, తన సంస్థ లాటినోలను దాదాపు ప్రతి విభాగంలోనూ పక్కన పెట్టిందని తేల్చి, ఆ నివేదికకు ‘ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం’ అని పేరు పెట్టింది. ప్రదర్శనలతో సరిపెట్టకుండా ఉద్యోగాలను, సేకరణలను కలిపి చూసింది. ప్రత్యేక మ్యూజియం కావాలన్న సిఫార్సు కూడా అందులోదే.

ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఒక బొమ్మ సేకరణలోకి ఎలా చేరుతుందో చూడాలి. ముందు క్యురేటర్ (సేకరణలు, ప్రదర్శనలు చూసే నిపుణులు) దాన్ని ప్రతిపాదించాలి. కళాఖండాలు పాడవకుండా చూసే కన్సర్వేటర్ దాని స్థితిని పరీక్షిస్తారు. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితాలు చూస్తారు. తర్వాత కొనుగోళ్ల కమిటీ, ఆపైన ట్రస్టీలు. అన్నీ దాటాకే దానికి నమోదు సంఖ్య పడుతుంది. మొదటి మెట్టు మీద ఎవరూ లేకపోతే మిగతావి ఉండీ లాభం లేదు. ఈస్ట్ లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన లాటినో చిత్రకారుడు లాటిన్ అమెరికా విభాగానికి అమెరికన్, అమెరికన్ విభాగానికి లాటినో. ఎవరి కొనుగోలు నిధీ అతని దాకా రాదు. వేలంలో పాత ధరలు లేకపోతే విలువ కట్టడమూ కష్టమే. పైగా చికానో కళలో సిల్క్‌స్క్రీన్ (వస్త్రపు తెర గుండా రంగు అద్దే ముద్రణ) పోస్టర్ల పాలు పెద్దది. చవక కాగితం ఆమ్లంతో పసుపెక్కి పెళుసవుతుంది. కాగితం మీది పనికి 50 లక్స్ (వెలుతురు కొలమానం; ఇది మసక వెలుతురే) దాటి వెలుతురు పెట్టరు, కొన్ని నెలలు చూపించాక ఏళ్ల తరబడి చీకట్లో ఉంచుతారు. ఒకే పోస్టరు ఉన్న మ్యూజియం గోడ చాలాకాలం ఖాళీగానే ఉంటుంది. అందుకే సేకరణలో లోతు కావాలి.

క్యురేటర్ వస్తే ఏమవుతుందో స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో కళ్లారా చూశాం. 2010లో ఇ. కార్మెన్ రామోస్ లాటినో కళ క్యురేటర్‌గా చేరారు. 2013లో ఆమె 72 మంది కళాకారులవి 92 పనులతో ప్రదర్శన పెట్టారు. అందులో 63 పనులు 2011 తర్వాత మ్యూజియం సంపాదించినవే. నివేదిక వచ్చిన పదిహేడేళ్ల తర్వాత గానీ ఆ పని ఊపందుకోలేదు. ఇక దేశం మొత్తంలో చూస్తే, 18 పెద్ద మ్యూజియాల సేకరణల మీద 2019లో వెలువడిన అధ్యయనంలో లాటినో కళాకారుల వాటా 2.8 శాతమే. అప్పటికి దేశ జనాభాలో వాళ్లు దాదాపు 19 శాతం.

కళలకు నిధులిచ్చే మెలన్, ఫోర్డ్, గెటీ, టెరా ఫౌండేషన్లు కలిసి లాటినో కళ కోసం 10 సంస్థలకు తలా 5 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు, అవి బొమ్మలు కొనడానికి కాకుండా క్యురేటర్ ఉద్యోగాలకే ఇచ్చాయి. చిక్కు ఒకటుంది. గ్రాంటు అయిపోయాక ఆ జీతాన్ని మ్యూజియం సొంత బడ్జెట్‌లోకి తీసుకోకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు కమిటీ ముందుకు వెళ్లాల్సిన ప్రతిపాదనలూ ఆగిపోతాయి.

జాతీయ లాటినో మ్యూజియం భవన నిర్మాణ ఖర్చులో సగం ప్రభుత్వానిది, సగం విరాళాలది అని చట్టంలోనే ఉంది. ప్రభుత్వం తన సగాన్ని సున్నా చేస్తే దాతలు ఆగి చూస్తారు. భవనానికి నేషనల్ మాల్ (వాషింగ్టన్ నడిబొడ్డున మ్యూజియాలున్న మైదానం) మీద స్థలం కావాలన్నా కాంగ్రెస్ మళ్లీ ఓటేయాలి. 2022లో దాని తొలి గ్యాలరీ తెరిచింది కూడా సొంత కప్పు కింద కాదు, అమెరికా చరిత్ర మ్యూజియంలో ఇచ్చిన 4,500 చదరపు అడుగుల్లో.