షట్‌డౌన్ బటన్ మాయమైందా? లినక్స్ డెస్క్‌టాప్ అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఓఎస్) మెషీన్లు చూసుకోవడమే నా పని. ఆఫీసు అయ్యాక కూడా పని వదలదు. మారతహళ్ళి పీజీల్లో ఉండే మనవాళ్ల నుంచి ఆదివారం పొద్దున్నే ఫోన్ వస్తుంది: “అన్నా, మెనూలో లాగౌట్ ఒక్కటే ఉంది. షట్‌డౌన్, రీస్టార్ట్ ఏమైపోయాయో అర్థం కావట్లేదు.”

అపోహ: ఆప్షన్లు పోయాయంటే ఓఎస్ పాడైనట్టే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

ఒంగోలు కుర్రాడొకడు బీటీఎం లేఅవుట్‌లోని రూమ్‌లో డెస్క్‌టాప్ ఆన్‌లో వదిలేసి సంక్రాంతికి ఊరెళ్లాడు. అక్కణ్ణుంచి ఎక్స్‌ఆర్‌డీపీతో (దూరం నుంచి డెస్క్‌టాప్ తెరిచే సాఫ్ట్‌వేర్) లోపలికి వెళ్తే మెనూలో షట్‌డౌన్ లేదు. తిరిగొచ్చి రాత్రంతా మేలుకుని జుబుంటు (ఉబుంటు లినక్స్‌లో ఒక రకం) మళ్లీ ఎక్కించాడు. బటన్ వచ్చేసింది. ఉగాదికి మళ్లీ ఊరెళ్లాడు, బటన్ మళ్లీ పోయింది. “అన్నా, దీనికి మా ఊరు గిట్టదు” అన్నాడు. రీఇన్‌స్టాల్ చేసినందుకు బటన్ రాలేదు, మెషీన్ ముందు కూర్చున్నందుకు వచ్చింది. పాపం, ఒక రాత్రి నిద్ర దండగ.

వాస్తవం: మెనూలోని ఆ బటన్ అచ్చు వేసి పెట్టింది కాదు. “ఈ మనిషి మెషీన్ ఆపొచ్చా?” అని డెస్క్‌టాప్ ముందుగా సిస్టమ్‌డీ-లాగిన్‌డీని, అంటే లాగిన్‌లు చూసుకునే సర్వీస్‌ని అడుగుతుంది. అవును, కాదు, పాస్‌వర్డ్ ఇస్తేనే, అసలు ఈ మెషీన్‌కే చేతకాదు: ఈ నాలుగింట్లో ఒక జవాబు వస్తుంది. దాన్నిబట్టే బటన్ కనిపించడమో, మసకబారడమో, మాయమవడమో జరుగుతుంది. ఎవరికి ఏ అనుమతి ఉందన్న లెక్క పోల్‌కిట్ అనే మరో సర్వీస్ చూస్తుంది. మామూలుగా అయితే మెషీన్ ముందు కూర్చున్నవాడికి పవరాఫ్‌కి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు, దూరం నుంచి వచ్చినవాడికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. కాలేజీ ల్యాబ్ తలచుకోండి: ఎక్కడో కూర్చున్నవాడు మీరు ప్రోగ్రామ్ రాస్తుండగా మీ మెషీన్ ఆపేయగలిగితే ఊరుకుంటారా?

చూసుకోవడం తేలిక. టెర్మినల్‌లో లాగిన్‌సీటీఎల్ అని కొట్టండి. మీ యూజర్ పేరున్న వరుసలో సీట్ అన్నచోట సీట్0 ఉంటే మీరు మెషీన్ ముందు ఉన్నట్టు. ఖాళీగానో, చిన్న గీతో ఉంటే దానికి మీరు బయటివారే. సీట్0 ఉన్నా బటన్ లేకపోతే ఆ సెషన్ (మీ లాగిన్) యాక్టివ్‌గా, అంటే ఇప్పుడు తెర మీద ఉన్నదిగా ఉందో లేదో చూడండి. లాగిన్ స్క్రీన్ తీసేసి, పాత చిట్కా పట్టుకుని స్టార్ట్‌ఎక్స్‌ని (డెస్క్‌టాప్ తెరిచే కమాండ్) వేరే వర్చువల్ టెర్మినల్‌లో, అంటే లాగిన్ అయింది కాకుండా మరో టెక్స్ట్ తెరలో తెరిచేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. లాగిన్ అయిన టెర్మినల్‌లోనే తెరిస్తే చాలు.

మన ఒంగోలు కుర్రాడికి నేను చెప్పింది ఒకటే: సుడో (అడ్మిన్ హక్కుతో నడిపే కమాండ్) పెట్టి సిస్టమ్‌సీటీఎల్ పవరాఫ్ కొట్టు. కొట్టే ముందు, మళ్లీ ఆన్ చేయడానికి రూమ్‌లో ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాను. లేరట. కొట్టలేదు.

అపోహ: నెట్‌లో దొరికిన పోల్‌కిట్ ఫైల్ (అనుమతుల రూల్స్ ఉండేది) తెచ్చి పెడితే అన్నీ వచ్చేస్తాయి.

ముందు ఆ చిట్కా ఏ కాలానిదో చూడండి. 2012లో వచ్చిన పోల్‌కిట్ 0.106 నుంచి రూల్స్ జావాస్క్రిప్ట్‌లో రాయాలి. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు మాత్రం చాలా ఏళ్లు 0.105నే పట్టుకుని, పీకేఎల్ఏ అనే పాత పద్ధతిలోనే నడిచాయి. ఉబుంటు 22.04లో పనిచేసిన పీకేఎల్ఏ ఫైల్‌ని 24.04లో పెడితే ఎర్రర్ రాదు, ఫలితమూ రాదు. పాత ఫైళ్లు చదివించే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, లేదా రూల్ కొత్తగా రాసుకోవాలి. ఈ ఒక్క మార్పు తెలియక నేనే ఒకసారి సగం రోజు పోగొట్టుకున్నాను, ఫైల్ పేరులో అచ్చుతప్పు ఉందేమోనని వెతుక్కుంటూ.

అపోహ: హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి మెషీన్ ఆపడం) లేదంటే ర్యామ్ చాలట్లేదు.

బెంగళూరు కంప్యూటర్ బజారు ఎస్పీ రోడ్డుకి పరిగెత్తి ర్యామ్ కొనకండి. ర్యామ్ పెరిగితే దాన్ని దాచడానికి డిస్క్‌లో ఇంకా పెద్ద స్వాప్ (అందుకు కేటాయించిన చోటు) కావాలి, అంతే. ఉబుంటు 12.04 నుంచే హైబర్నేట్‌ని మెనూలోంచి తీసేసింది, ఎన్నో ల్యాప్‌టాప్‌లు నిద్రలోంచి సరిగా లేవట్లేదని. ఫెడోరా అనే మరో లినక్స్‌లో 33వ వెర్షన్ నుంచి స్వాప్ జీర్యామ్‌లో, అంటే ర్యామ్‌లోనే ఉంటుంది. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ, ఇక దాచుకునేది ఎక్కడ? సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే చాలా లినక్స్ రకాల్లో కెర్నలే, అంటే ఓఎస్ గుండెకాయే హైబర్నేట్‌ని అడ్డుకుంటుంది. మూడింటికీ మందు వేరు.

అపోహ: డెస్క్‌టాప్‌ని రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా నడిపితే గొడవే ఉండదు.

బీరువా తాళం పోయిందని ఇంటి తలుపులన్నీ పీకేసినట్టు ఉంటుంది. వద్దు.

అపోహ: బటన్ లేకపోతే ఏముంది, పవర్ బటన్ పట్టుకుని నొక్కితే అదే కదా.

ఒకసారి నొక్కి వదిలేస్తే ఆ నొక్కు డెస్క్‌టాప్‌కో లాగిన్‌డీకో చేరుతుంది, సెట్టింగ్‌ని బట్టి మెషీన్ పద్ధతిగా ఆగుతుంది లేదా నిద్రపోతుంది. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మాత్రం ఓఎస్‌ని అడగకుండానే కరెంటు కట్. ఈఎక్స్‌టీ4 (లినక్స్ డిస్క్ ఫార్మాట్) రాసుకునే మార్పుల చిట్టా, అంటే జర్నల్, ఫైల్ సిస్టమ్‌ని నిలబెడుతుంది గానీ, సేవ్ చేయని మీ ఎక్సెల్ షీటుని కాదు.

ఇక ఆఫీసు మెషీన్ అయితే ఎవరో కావాలనే తీసేసి ఉండొచ్చు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ లాగిన్ స్క్రీన్‌లో రీస్టార్ట్ బటన్లు దాచే సెట్టింగ్ ఉంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌లో కియోస్క్ ఫైల్‌లో (యూజర్లకు ఏవి వద్దో రాసే ఫైల్) ఒక్క లైన్ చాలు. నేనూ ఒకచోట అలా తీశాను. రాత్రంతా నడవాల్సిన బ్యాకప్ మెషీన్‌ని వెళ్లేవాళ్లు రోజూ “కరెంటు బిల్లు దండగ” అని ఆపేసి పోయేవారు.